ఎవరి చేతికి కుదిరిన కారు

దావీదు మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యులు ప్రశ్న వేస్తే ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. పని పూర్తయ్యేసరికి జవాబు దానంతటదే వస్తే వచ్చినట్టు. రాకపోతే లోపం ప్రశ్నలోనే ఉన్నట్టు. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పినన్నాళ్లూ ఈ పద్ధతి వల్ల ఆయనకు మంచి పేరూ వచ్చింది, పిల్లల చేత తిట్లూ పడ్డాయి. రిటైరయ్యాక నెల్లూరు బైపాస్ పక్కన షెడ్డు వేసుకున్నారు. వారమంతా ఊళ్లో తిరిగి, ఆదివారం నాడు చెన్నై వైపు రేసు ట్రాక్‌కు పోయి సరదా తీర్చుకునే కార్లు కొన్ని ఉంటాయి. వాటి సస్పెన్షనూ, చక్రాల వాలూ సరిచేసి పెట్టడం ఆయన పని. అటు చిత్తూరు నుంచి ఇటు ఒంగోలు దాకా ఆ పిచ్చి ఉన్నవాళ్లంతా ఆయన షెడ్డుకే వస్తారు.

ఆయన దగ్గర ఉత్పల అనే అమ్మాయి శిష్యరికం చేస్తోంది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది గానీ, ఆమెకు పేరు తెచ్చింది చదువు కాదు, నోరు. యూనివర్సిటీ డిబేట్లలో ఆమె ఏ పక్షాన నిలబడితే ఆ పక్షం గెలిచేది. పొద్దున మద్యనిషేధం కావాలని గెలిచి, సాయంత్రం అదే వేదిక మీద వద్దని గెలిచిన మనిషి. నోరుంటే తల కాస్తుందంటారు. ఉత్పల నోరు తన తల కాయడంతో ఆగదు, ఎదుటివాడి తల వంచేదాకా పోతుంది. కారు కూడా అట్లాగే తోలుతుంది. మాటలో ఎంత పదునో స్టీరింగ్ మీద అంత పదును.

ఒకనాడు ఆమె అడిగింది.

"మాస్టారూ, రోడ్డు మీదా ట్రాక్ మీదా రెండుచోట్లా తిరిగే కారుకు సరైన సెట్టింగ్ అనేది ఒకటి ఉంటుందా, ఉండదా? మీరు ఒక్కో కారుకు ఒక్కోరకంగా చేస్తారు. ఎందుకని అడిగితే 'చూద్దాంలే' అంటారు. ఇది శాస్త్రమా, లేక మొహం చూసి పెట్టే బొట్టా?"

మాస్టారు నవ్వారు. "రేపు పెంచలప్రసాద్ గారి కారు వస్తా ఉంది. ఆయనతో మాట్లాడేది నువ్వే, కారు చేసేది నువ్వే. నేను నోరెత్తను, మాటిస్తున్నా. ఆ కారు కుదిరిందా, ఇకమీదట ఈ షెడ్డులో ఏ కారుకు ఏం పెట్టాలో నువ్వే చెప్పు, నేను స్పానర్ తిప్పుతా."

ఉత్పలకు కాళ్లు నేల మీద నిలవలేదు. వచ్చిన నాటి నుంచి ఆయన చెప్పిన నట్టు బిగించడమే తప్ప, ఎంత బిగించాలో తను చెప్పింది లేదు. ఆ ఒక్క అధికారం కోసమే ఆమె అక్కడ ఉంది. ప్రశ్నకు జవాబు సంగతి మరిచిపోయింది. జవాబు తన దగ్గర ఉండనే ఉంది కదా అనుకుంది.

పెంచలప్రసాద్‌కు మైపాడు దగ్గర సముద్రం ఒడ్డున రొయ్య పిల్లల హేచరీ ఉంది. నలభై దాటిన మనిషి. ఒళ్లు భారీ, గొంతు చిన్న. కుర్రతనం నుంచి కలలు గని గని, పోయిన ఏడాది రెండు సీట్ల ఎర్ర కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఆ రోజు షెడ్డులో కుర్చీ అంచున కూర్చుని, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని మొదలుపెట్టాడు.

"కొంచెం మెత్తగా ఉంటే బాగుంటదమ్మా... అంటే, మరీ మెత్తగా అని కాదు. ట్రాక్ మీదికి కూడా పోతా ఉంటా గదా. కానీ మా రోడ్డు మీకు తెలిసిందే, మేత లారీలు తిరిగి తిరిగి..."

"ముందు ఒకటి తేల్చుకుందాం సార్. ఆదివారం ట్రాక్ మీద మీకు ఏం కావాలి?"

ఆయన కాస్త ఆలోచించాడు. "ఆదివారమా... సంతోషంగా ఉండాలమ్మా."

షెడ్డులో తమ కార్ల కోసం ఎదురుచూస్తున్నవాళ్లు కిసుక్కుమన్నారు. నలుగురు వింటున్నారంటే ఉత్పలకు పూనకం వస్తుంది. గొంతు సవరించుకుంది.

"సంతోషానికి డిగ్రీలుండవు సార్, చక్రానికి ఉంటాయి. మెత్తగా పెడితే ట్రాక్ మీద మలుపు మలుపుకీ ఒరుగుతుంది. గట్టిగా పెడితే మీ రోడ్డు మీద అదురుతుంది. మధ్యలో పెట్టామా, రెంటికీ చెడ్డ రేవడి. మెత్తగా పోవాలనుకుంటే దీన్నెందుకు కొన్నారు? పరుపు కొనుక్కుని ఇంట్లో పడుకోవచ్చు. ఇది పందెం కోడి సార్. పందెం కోడిని కొనుక్కొచ్చి బుట్ట కింద మూసిపెడతామంటారా?"

షెడ్డంతా ఘొల్లుమంది. అందరికన్నా పెద్దగా నవ్వింది పెంచలప్రసాదే. వాదంలో ఓడినవాడు నలుగురి ముందు దాక్కోవడానికి నవ్వును మించిన చోటు లేదు. ఈ సంగతి ఏ డిబేట్‌లోనూ ఉత్పలకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు కూడా ఆ నవ్వు వెనకే ఉండిపోయారు కదా మరి.

"న్యాయంగానే ఉందమ్మా మీరు చెప్పింది," అన్నాడాయన. "అయితే పొద్దున పూట మా..." అని ఏదో అనబోయాడు. అప్పటికే ఆమె లేచి కారు కింద జాకీ తోస్తోంది. ఆయన టీ గ్లాసు కింద పెట్టేసి, "కానీండి, మీరెట్టా చెబితే అట్టా," అన్నాడు.

ఉత్పల పనిలో వంక పెట్టడానికి లేదు. ముందు చక్రాల పైభాగాలను బాగా లోపలికి వాల్చింది. అట్లా వాలిస్తే మలుపులో కారు ఒరిగినప్పుడు టైరు మొత్తం వెడల్పూ నేలను కరుచుకుంటుంది. తిన్నటి రోడ్డు మీద లోపలి అంచు ఒక్కటే అరుగుతుందనుకోండి, అది వేరే సంగతి. ముందు చక్రాల ముక్కులు రవ్వంత బయటికి చూసేట్టు పెట్టింది. స్టీరింగ్ అలా తాకితే చాలు, కారు ఇలా తిరుగుతుంది. వెనక చక్రాలు కాస్త లోపలికి చూస్తుంటే తోక నిలకడగా ఉంటుంది. ఆ నిలకడ బద్ధకమని వాటిని తిన్నగా చేసేసింది. కారు ఒరగకుండా వెనక అడ్డంగా ఉండే కడ్డీకి ఉన్న రంధ్రాల్లో, దాన్ని అన్నిటికన్నా గట్టిగా నిలిపే రంధ్రానికి బిగించింది. స్ప్రింగులు గట్టివి వేసింది. చివరికి నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి, బరువు సమంగా పడేట్టు సరిచేసేటప్పుడు, స్టీరింగ్ ముందు తనే ఎక్కి కూర్చుంది. ట్రాక్ మీద మొదట తోలి చూసేది తనే కదా. పక్క సీటు ఖాళీ. మాస్టారు అంకెలు చదివి పెడుతూ ఒక్కమాట మాత్రం అడిగారు.

"ఆయన ఏం అడిగాడమ్మా?"

"ఏం అడగాలో ఆయనకే తెలియదు మాస్టారూ. నేనే చెప్పాను."

మాస్టారు తల ఊపి, తర్వాతి అంకె చదివారు.

ఆదివారం ట్రాక్ మీద ఉత్పల ఆ కారును తోలిన తోలుడు చూసి గట్టు మీదున్నవాళ్లు మాట్లాడుకోవడం మానేశారు. పెంచలప్రసాద్ ఆ కారుతో ఎన్నడూ కలలో కూడా చూడని టైము వచ్చింది. ఆమె దిగి, హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుని, తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. "చూశారుగా సార్, కారులో అంతా ఉంది. ఇక మీ చేతుల్లోనే ఉంది." స్నేహితులు ఆయన వీపు చరిచారు. "ఒరే ప్రసాదూ, ఇంక నీకు సాకు లేదురా!" అన్నారు. ఆయన ఎక్కి కొన్ని రౌండ్లు తోలి, తిరిగొచ్చి, పొద్దున తిన్న పులిబొంగరాలు పడలేదని చెప్పి, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని నీడన కూర్చున్నాడు. ఇచ్చిన మాట పక్కనబెట్టి మాస్టారు ఆయన దగ్గరికి వెళ్లారు. "రోడ్డు మీద కూడా ఇట్టాగే తోలుకుంటారా ప్రసాద్ గారూ? ఇబ్బంది లేదా?" అని అడిగారు. "ఇబ్బందేంది మాస్టారూ, బ్రహ్మాండంగా ఉంటే," అన్నాడాయన. అంటూ ఆయన చూసింది మాస్టారి వైపు కాదు, ఉత్పల వైపు. ఉత్పల ఆ చూపును మెచ్చుకోలు అనుకుంది.

వానలు మొదలయ్యాయి. మళ్లీ చూపించుకోవడానికి రమ్మన్న గడువు దాటిపోయినా ఎర్ర కారు రాలేదు. బాగున్న కారు షెడ్డుకెందుకు వస్తుందని ఉత్పల సమాధానం చెప్పుకుని, ఒక ఉదయం మాస్టారికి ఆయన మాట గుర్తుచేసింది.

"కారు కుదిరింది మాస్టారూ. మరి మీరన్న సంగతి?"

మాస్టారు వ్యాను తాళాలు తీసుకుంటున్నారు. "కామాక్షమ్మ ఫోన్ చేసింది, ప్రసాద్ గారి భార్య. ఆయన ఆ కారు అమ్మకానికి పెట్టాడంట. బెంగుళూరు నుంచి ఎవరో శుక్రవారం వచ్చి తోలుకుపోతారంట. పద, చూసొద్దాం."

దారి పొడుగునా ఉత్పల ఊరుకోలేదు. అంత బాగా చేసిస్తే అమ్ముకుంటాడా అంది. వజ్రం విలువ తెలియని చేతికి వజ్రమిస్తే ఇంతే అంది. ఆయనతో ఏమని వాదించాలో వరసగా పేర్చుకుంది. మొదట కారు గొప్పతనం, తర్వాత తోలగా తోలగా అలవాటవుతుందనే మాట, ఆఖరున ఆయన సొంత కలను ఆయన ముందే నిలబెట్టడం. ఆ ఆఖరిదానికి ఎంత గట్టివాడైనా పడిపోతాడని ఆమెకు అనుభవం. మాస్టారు వ్యాను తోలుతూ, లారీలు తొక్కిన గాడులను చూస్తూ కూర్చున్నారు.

హేచరీలో నీళ్లకు గాలి కొట్టే మోటార్లు గుయ్యిమంటున్నాయి. తెల్ల గంబూట్లు వేసుకున్న ఒకావిడ బీకరు పట్టుకుని ఎదురొచ్చింది. కామాక్షమ్మ. రొయ్య పిల్లల లాబు చూసుకునేది ఆమే.

"రండి మాస్టారూ. అదిగో, మీరు సింగారించి పంపిన ఎర్ర పెళ్లికూతురు, ముసుగేసుకుని మూల కూర్చోనుంది చూడండి." షెడ్డులో కవరు కప్పి ఉన్న కారును బీకరుతోనే చూపించింది. "కాపురానికి పనికిరాదంట. పుట్టింటికి కూడా పంపలేక, పరాయి ఊరికి పంపిస్తా ఉండాడు."

"ఏమైందండీ?" అంది ఉత్పల.

"ఏమైందా పాపా? మీరు చేసిచ్చినాక ఒకరోజు నన్నెక్కించుకుని వచ్చినాడు. గుంట గుంటకీ నా పళ్లు నేను తడుముకుంటా కూర్చున్నా. ఆయన మొహాన చెమట. మర్నాటి నుంచి నేను మోపెడ్, ఆయన మేత వ్యాను. అంతకుముందు పొద్దున్నే ఇద్దరం ఈ కారులోనే వచ్చేవాళ్లం. ఇంట్లో ఆయన చెల్లెళ్లూ పిల్లలూ, ఇక్కడ పనోళ్లూ ఫోన్లూ. మేమిద్దరం మాట్లాడుకునేదల్లా ఆ దారిలోనే. ఎచ్చులకు పోయి రెండు సీట్లది కొన్నాడని ఊళ్లో నవ్వినారు. మూడో మనిషి ఎక్కకుండా కొన్నాడని నాకు తెలుసు." నవ్వేసి, అంతలో నవ్వు ఆపుకుంది. "ఇవన్నీ ఆయన మీతో చెప్పలేదా ఆరోజు?"

ఉత్పలకు 'పొద్దున పూట మా...' అన్న సగం మాట గుర్తొచ్చింది.

పెంచలప్రసాద్ తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు. వాళ్లను చూసి తప్పు చేసిన పిల్లవాడిలా నిలబడ్డాడు. బ్యాటరీ దిగిందన్నాడు, వానలన్నాడు, ఈ సీజన్లో తీరిక లేదన్నాడు. మాస్టారు అన్నీ విని, "అమ్మేది ఎటూ అమ్ముతున్నారు. ఒక్కసారి ఈ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని వంతెన దాకా పోయి రండి. మెల్లగా," అన్నారు. బ్యాటరీ ఏమీ దిగలేదు. తాళం తిప్పగానే కారు లేచింది.

ఉత్పల ఆ కారులో పక్క సీటులో కూర్చోవడం అదే మొదలు. అక్కడి నుంచి చూస్తే అది వేరే కారు. లారీ గాడి ఎటు పోతే ముందు చక్రాలు అటు లాగుతున్నాయి. పెంచలప్రసాద్ చేతులు ఒక్క క్షణం ఊరుకోవడం లేదు. ఇటు దిద్దితే అటు పోతోంది, అటు దిద్దితే ఇటు. మెడ బిగుసుకుపోయింది. ప్రతి గుంట దగ్గరా ఊపిరి బిగబట్టి, దాటాక వదులుతున్నాడు. ఆమె తోలినప్పుడు ఆ కారు మాట ముందే కనిపెట్టి తిరిగేది. ఇప్పుడు అదే కారు ఆయన అనని మాటలకు కూడా జవాబు చెబుతోంది, ఎదురు జవాబు.

"ఇబ్బందేం లేదమ్మా," అన్నాడు ఆమె అడక్కుండానే. "అలవాటు లేక."

రొయ్యల చెరువుల మధ్య రోడ్డు ఒంపు తిరిగే చోట, నీళ్ల ట్యాంకరు ఒలికించుకుంటూ పోయిన తడి ఉంది. ఒంపులోకి దిగాక ఎదురుగా సైకిలు కనబడింది. ఎవరైనా చేసేదే ఆయనా చేశాడు: ఉలిక్కిపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు. అంతే. వెనక భాగం పట్టు వదిలేసి, ఒళ్లు విరుచుకున్నట్టు పక్కకు జారింది. సైకిలాయన గట్టు దిగి తప్పుకున్నాడు. కారు అడ్డం తిరిగి, ముక్కు చెరువు గట్టు మీద పెట్టి ఆగిపోయింది. ఇంకొక మూర ముందుకు పోయి ఉంటే నీళ్లు.

సైకిలాయన తిట్టాల్సిన నాలుగు తిట్లూ తిట్టి వెళ్లిపోయాడు. పెంచలప్రసాద్ స్టీరింగ్ వదల్లేదు. వదిలితే చేతుల వణుకు బయటపడుతుంది.

"క్షమించండమ్మా," అన్నాడు చివరికి. "మీ కారు నాకు చేతకాలేదు."

మీ కారు అన్నాడు. కుర్రతనం నుంచి కలగని, కొనుక్కుని, తుడుచుకుని, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని తిరిగిన తన కారును పట్టుకుని, మీ కారు అన్నాడు. ఉత్పలకు చెంపలు మండాయి.

"మొదటి రోజే చెబుదామనుకున్నా," అన్నాడాయన గట్టు వైపు చూస్తూ. "నాకు అంత వేగం భయమని. ట్రాక్‌కు పోయేది కూడా గెలవడానికి కాదు, కాస్త గాలి పీల్చుకుందామని. ఈ మాట నలుగురి ముందు ఎట్టా చెప్పేది? మీ దగ్గర ప్రతిదానికీ కారణం ఉంది. నా దగ్గర భయం తప్ప ఏముంది? ఆదివారం మీరు ఆ టైము తెచ్చి చూపించినాక, ఇంక లోపం నాదేనని తేలిపోయింది గదా. రోజూ దీని మొహం చూడలేక అమ్మేస్తా ఉండా."

లోపం మీది కాదని చెప్పడానికి ఉత్పల నోరు తెరిచింది. దారిలో పేర్చుకున్న వాదాలన్నీ నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. చెబితే ఆయన ఒప్పుకుంటాడు. అమ్మడం మానేస్తాడు కూడా. 'న్యాయంగానే ఉందమ్మా' అంటాడు. ఆ మాట ఎట్లా ఉంటుందో చెవిలో వినబడేసరికి, ఆమె మొట్టమొదటిసారి భయపడింది. ఇన్నేళ్లలో ఎంతమంది తనతో ఆ మాట అన్నారు! వాళ్లలో ఎంతమంది చేతులు వణుకుతూ ఉన్నాయో ఆమె ఎన్నడూ చూడలేదు. నోరు మూసుకుంది.

"నేను తోలతాను సార్. మీరు ఇటు రండి," అని మాత్రం అంది.

చోట్లు మారారు. ఆమె కారు వెనక్కి తీసి హేచరీ వైపు తిప్పింది. అదే తడి, అదే ఒంపు. కారు ఆమె చేతిలో పాలిచ్చే ఆవులా నడిచింది. గాడులు ఎటు లాగబోతాయో ఆమె వేళ్లకు ముందే తెలుసు. ఒంపులో తోక కదలబోతే, కదలకముందే అణిగింది. ఇంకో రోజైతే ఆ నడకకు ఆమె మురిసిపోయేది. ఈ రోజు అదే నడక ఆమె మీద నేరం మోపుతోంది. కాటాల మీద కూర్చున్నది తను. పక్క సీటు ఖాళీగా వదిలేసింది తను. ఈ చక్రాలు వాలింది తన చేతి వాలుకు. కారు కాస్త మొండికేస్తే బాగుండునని, ఎక్కడైనా ఒక్కచోట తనకు కూడా తప్పిపోతే బాగుండునని ఆమె మనసు కొట్టుకుంది. తప్పలేదు. పక్కకు చూసే ధైర్యం చాలకపోయినా చూస్తే, పెంచలప్రసాద్ మొహం కిటికీ వైపు తిప్పుకుని ఉన్నాడు.

హేచరీ ముందు దిగేసరికి మాస్టారు కాళ్లు చాపుకుని కూర్చుని కామాక్షమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతున్నారు. ఉత్పల మొహం చూసి గ్లాసు పక్కన పెట్టారు. ఉత్పల ఆయన దగ్గరికి పోలేదు. పెంచలప్రసాద్ ముందు నిలబడింది. తలెత్తి చెప్పాలనుకుంది గానీ తల లేవలేదు.

"ఆ రోజు మీ మాట నేను విననే లేదు సార్. నలుగురినీ నవ్వించాను. నాకు నచ్చిన కారు చేసుకుని, తాళం మీ చేతిలో పెట్టాను. లోపం మీ చేతిలో లేదు." అంతకన్నా పొడుగ్గా చెప్పడానికి భయమేసింది. పొడుగ్గా చెబితే మళ్లీ వాదనై పోతుంది.

"అయ్యో, అట్టా అనబాకండమ్మా," అన్నాడాయన కంగారుగా.

"అననీండి," అన్నారు మాస్టారు. "తప్పులో నాకూ భాగం ఉంది ప్రసాద్ గారూ. నోరెత్తనని ఈ అమ్మాయికి మాటిచ్చి, ఆ మాట కోసం మిమ్మల్ని ఈ కారులో ఇంటికి పంపినా. వయసొచ్చినా ఎచ్చులు పోలేదు." ఆయన లేచి వ్యాను వెనక తలుపు తీశారు. లోపల స్పానర్లూ, జాకీలూ, కారుకు రెండు పక్కలా కట్టి చక్రాల చూపు కొలిచే దారాలూ ఉన్నాయి. ఆయన వాటిని దించి, వెళ్లి మళ్లీ మజ్జిగ దగ్గర కూర్చున్నారు. సాయానికి రాలేదు.

ఉత్పల స్పానర్ తీసుకోలేదు. స్టీరింగ్ ముందు పెంచలప్రసాద్‌ను కూర్చోమంది. పక్క సీటులో కామాక్షమ్మను కూర్చోమంది. "గంబూట్లతోనా పాపా?" అంటే, "రోజూ ఎట్లా వస్తారో అట్లాగే," అంది. తను కింద, ముందు చక్రం పక్కన మట్టిలో కూర్చుంది. "ఇప్పుడు చెప్పండి సార్," అంది.

ఆయన స్టీరింగ్ మీద దుమ్ము తుడిచాడు. గొంతు సవరించుకున్నాడు. మోటార్ల మోత వింటూ కూర్చున్నాడు. ఉత్పలకు ఆ నిశ్శబ్దాన్ని నింపాలని నాలుక దురద పెట్టింది; మట్టిలో వేలితో గీతలు గీస్తూ ఓర్చుకుంది. చివరికి కామాక్షమ్మే మోచేత్తో పొడిచింది. "చెప్పవయ్యా, అడగతా ఉంటే." అప్పుడు మొదలుపెట్టాడు. వంతెన దిగేటప్పుడు కారు ఎట్లా ఉంటే తనకు హాయిగా ఉండేదో చెప్పాడు. తడి ఉన్నప్పుడు కాలు తీసేయడం తన అలవాటనీ, మానుకోలేననీ చెప్పాడు. ట్రాక్ మీద ఒక పొడుగు మలుపు తనకు ఇష్టమనీ, అక్కడ మాత్రం కారు కాస్త ఉషారుగా తిరిగితే చాలుననీ, మిగతాచోట్ల ఎవరు దాటుకుపోయినా తనకు బాధ లేదనీ చెప్పాడు. మధ్యలో కామాక్షమ్మ అడ్డం పడి, బీకర్ల పెట్టె ఒళ్లో పెట్టుకుంటే ఏ గుంట దగ్గర ఎగురుతుందో చెప్పింది. ఉత్పల ఒక్కదానికీ బదులు చెప్పలేదు. చెప్పాలని రెండు మూడుసార్లు అనిపించినా చెప్పలేదు.

అప్పుడు పనిలోకి దిగింది. ముందు చక్రాల వాలు తగ్గించింది. దారాలు కట్టి, వాటి ముక్కులు తిన్నగా చేసింది. వెనక చక్రాలను రవ్వంత లోపలికి చూపించింది. ఇప్పుడు ఆయన ఉలిక్కిపడి కాలు తీసినా తోక ఉలిక్కిపడదు. వెనక కడ్డీని మెత్తటి రంధ్రానికి మార్చింది. గట్టి స్ప్రింగులు ఇక్కడ మార్చడానికి కుదరదు గనక షాక్ అబ్జార్బర్లను సడలించి, స్ప్రింగులు వచ్చే వారం మారుస్తానని, తన తప్పు గనక తనే వచ్చి మారుస్తానని చెప్పింది. ఆదివారం ట్రాక్‌కు పోయేటప్పుడు ఆ ఒక్క మలుపు కోసం చక్రాల వాలు ఎంతవరకు జరుపుకోవచ్చో అక్కడ సుద్దతో గీత గీసి, ఆయన చేతనే ఒకసారి జరిపించింది. ఇదంతా ఆమె కలల సెట్టింగ్ కాదు. డిబేట్‌లో దీన్ని ఎవరైనా సమర్థిస్తే మాటలతో చీల్చి పారేసి ఉండేది. ప్రతి నట్టూ వదులు చేస్తున్నప్పుడు, ఆ రోజు షెడ్డులో తను అన్న ఒక్కో మాటా చెవిలో పడింది. పరుపు. పందెం కోడి. చెవులు మూసుకుందామంటే చేతులకు గ్రీజు.

పని అయ్యాక తోలి చూడమని తాళం ఆయనకిచ్చింది. తను పక్కన ఎక్కుతానని అనలేదు. కామాక్షమ్మ దిగకుండా అక్కడే కూర్చుని ఉంది. ఎర్ర కారు గేటు దాటి, వంతెన వైపు తిరిగి, చెరువు గట్ల వెనక కనబడకుండా పోయింది.

ఉత్పల చేతులు కడుక్కుంది. దారాలు చుట్టింది. మాస్టారి దగ్గరికి వచ్చి, ఆయన మొహం చూడకుండా అంది. "ఏ కారుకు ఏం పెట్టాలో నన్ను చెప్పమన్నారే, ఆ మాట వద్దు మాస్టారూ. నాకు అర్హత లేదు."

 మాస్టారు మజ్జిగ అడుగున మిగిలిన కరివేపాకు రెబ్బను చూస్తూ కూర్చున్నారు.

వంతెన దాకా పోయి రావడానికి పట్టే సమయం గడిచిపోయింది. దానికి రెట్టింపూ గడిచింది. ఉత్పల గేటు దాకా పోయి రోడ్డు వైపు చూసి వచ్చింది. చెవి రిక్కించింది, సముద్రం హోరు తప్ప ఏమీ లేదు. ఆ తడి ఒంపూ, గట్టూ, నీళ్లూ కళ్లముందు మెదిలాయి. ఇక ఉండబట్టలేకపోయింది.

"ఇంతసేపేంది మాస్టారూ? నేను బిగించింది ఎక్కడైనా తప్పిందేమో. వ్యాను తీస్తారా, పోయి చూద్దాం?"

మాస్టారు కదల్లేదు.

"కూర్చో అమ్మా," అన్నారు. "ఇప్పుడు ఆ కారులో నువ్వు లేవు గదా. మాట్లాడుకుంటా తాపీగా వస్తారులే."